కీడెంచే నోరు – 9: ఐసు చేప

పోయినవారం మిమ్మల్ని మద్దిలపాలెంలో మనసు జబ్బుల డాక్టర్ చంద్రిక గారి గది బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నా మానాన నేను లోపలికి వెళ్లిపోయాను. ఆ బెంచీ మీద మీతోపాటు నా మొగుడు దుర్గారావూ, నా కూతురు హేమశ్రీ ఉన్నారు. లోపల నేనూ, మా అత్త పాపాయమ్మా. ఈ వారమే కథలోకి వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ఆ తలుపు మళ్లీ తీస్తాను.

మాది జాలరిపేట. మా ఆయన ఇంజను పడవ మీద వేటకి వెళ్తాడు. మా అత్త చీకటితోనే హార్బరుకి పోయి, వేలంపాటలో చేపలు పాడుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి అమ్ముతుంది. నేను డిగ్రీ చదివి మందుల షాపులో పనిచేస్తున్నాను. నాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. ఈ తొమ్మిదేళ్లలో ఆమె నోటివెంట ఒక్క మంచిమాట వినలేదు. వాన వస్తే ఇల్లు కూలిపోద్దంటుంది, రాకపోతే నూతులు ఎండిపోతాయంటుంది. నాకు పురిటినొప్పులు వస్తుంటే గుమ్మంలో నిలబడి "రెండు పేణాలూ దక్కుతాయా" అంది. బిడ్డ పుట్టాక చూసి "బతకాల గదా" అంది. మొన్నటికి మొన్న దుర్గారావు కానాగంతలు తెచ్చి "సూపర్ పడ్డాయమ్మా" అంటే, ఒకదాన్ని వేలితో నొక్కి చూసి, "పాడు సేపలు. ఈడింక యాటకెల్లడు" అని లేచిపోయింది. కన్నకొడుకుని పట్టుకుని అనే మాటేనా అది? కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. మా అత్త మొదటి సగం నేర్చుకుని బడి మానేసింది.

ఆమెకి పూర్తిగా ఎదురు మా ఆయన. ఎలా ఉన్నావంటే సూపర్. వేట ఎలా ఉందంటే సూపర్. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నా సూపరే. ఆ ఒక్క మాటని పట్టుకునే నేను ఆ ఇంట్లో ఇన్నాళ్లూ బతికాను.

నా బాధ నా గురించి కాదు. రెండో తరగతి చదివే హేమశ్రీని బడిలో డాన్సుకి పేరివ్వమంటే, "వొద్దు టీచర్, నాను పడిపోతాను" అందట. ఏడేళ్ల పిల్ల! ఆ మాట నా చెవిన పడ్డ రోజే ఒక నిర్ణయానికి వచ్చాను. ఇది జబ్బయితే మందు మింగిస్తాను. జబ్బు కాక బుద్ధే అయితే, పిల్లని తీసుకుని పెందుర్తిలో చూసిన రెండు గదుల ఇంటికి వెళ్లిపోతాను. ఇంటివాళ్లు ఆదివారంలోగా చెప్పమన్నారు. మా ఆయన దానికీ "సూపర్" అన్నాడు.

ఆసుపత్రి అనగానే మా అత్త వీధి అదిరేలా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఎల్దాం. దుర్గారావు కూడా రావాల. ఆడు రాకపోతే నాను గడప దాటను" అంది. భయపడిందనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

సరే, తలుపు తీస్తున్నాను.

డాక్టరమ్మ నలభై ఏళ్లుంటుందేమో. వాళ్లది రాజోలు అవతల ఏదో ఊరట, నాన్నగారు పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట. మా అత్తని "కూర్చోండమ్మా" అంది. మా అత్త కుర్చీ అంచున, తట్ట దించుకునే మనిషిలాగే కూర్చుంది. డాక్టరమ్మ ఒక కాగితం తీసి, తొమ్మిది ప్రశ్నలు అడుగుతానంది.

"ఈమధ్య నిద్ర సరిగా పడుతోందా అమ్మా?"

"మాకు నిద్రేటమ్మా. కన్ను మూసిన రోజు నేదు."

"ఆకలి?"

"నేదు. మెతుకు దిగదు."

"ఒంట్లో ఓపిక ఉంటోందా?"

"ఏటుంటాది. అయిపోనాది నా పని."

"ఏ పనైనా చేస్తే సంతోషం అనిపిస్తుందా?"

"మా ఇంటికీ సంతోసానికీ ఎప్పుడో సెల్లిపోనాది."

అలా తొమ్మిదీ అడిగింది. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తుందా అని గొంతు తగ్గించి అడిగితే మాత్రం మా అత్త ఆమెని వింతగా చూసి, "పిలిస్తే వొస్తాదేటి? వొచ్చినప్పుడు అదే వొస్తాది" అంది. డాక్టరమ్మ లెక్క కట్టి కాగితం నావైపు తిప్పింది. ఇరవైఏడుకి ఇరవైనాలుగు.

సిగ్గు విడిచి నిజం చెబుతున్నాను. అది చూసి నాకు ఆనందం వేసింది. పరీక్షలో నాకే మార్కులు వచ్చినంత ఆనందం. తొమ్మిదేళ్లుగా నేను పడ్డదానికి పేరుంది, మందుంది, ఇన్నాళ్లకి నా మాట నెగ్గింది! "ఎంతకాలం వాడాలి మేడమ్?" అని కూడా అడిగేశాను.

డాక్టరమ్మ మందుచీటీ జోలికి పోలేదు. చేతిలో పెన్ను పక్కన పెట్టి, నన్ను అడగడం మొదలెట్టింది.

"మీ అత్తగారు పొద్దున్న ఎన్నింటికి లేస్తారమ్మా?"

"మూడున్నరకి."

"అలారం పెట్టుకునా?"

"అబ్బే. ఆవిడే లేస్తుంది. ఆవిడ గొంతుకే మా వీధి లేస్తుంది."

"రాత్రి?"

"ఎనిమిదింటికల్లా పడుకుంటుంది. పడుకోవడమే తరువాయి, గురక. పక్కింటి గంగరాజు అన్నయ్య గోడ తడతాడు."

డాక్టరమ్మ పెదవి బిగించింది. నవ్వు ఆపుకుంటోందని నాకు ఆలస్యంగా తెలిసింది.

"భోజనం?"

నేను మా అత్త వైపు చూశాను. ఆమె గోడమీద క్యాలెండర్ చూస్తోంది. "రెండు కంచాలు మేడమ్. పులుసుంటే మూడు."

"చేపలమ్మడం ఎప్పుడైనా మానేశారా?"

"తుపాను రోజు కూడా తట్ట ఎత్తుకుంటే నేనే పట్టుకుని ఆపాను."

నా నోటితో నేనే ఇరవైనాలుగు మార్కులూ ఒక్కొక్కటిగా చెరిపేస్తున్నాను. డాక్టరమ్మ మా అత్త వైపు తిరిగింది.

"పాపాయమ్మ గారూ, చక్కగా తింటున్నారు, చక్కగా పడుకుంటున్నారు. నాకెందుకండీ లేదు లేదని చెప్పారు?"

మా అత్త కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. తర్వాత, గదిలో ఇంకెవరో ఉన్నట్టు కిటికీ వైపు ఒకసారి చూసి, మెల్లగా చెప్పింది.

"బాగుంది అని నోటితో అనకూడదమ్మా. సముద్రం ఇంటాది."

నేను జాలరిపేటలోనే పుట్టాను. మా వాళ్లలో ఎవరూ వేట బాగా పడిందని వీధిలో చెప్పరు. "ఏటి పడ్డాయి?" అంటే తట్ట నిండా ఉన్నా "ఏటీ నేదు, నాలుగు గుల్లలు" అంటారు. అది దిష్టికి భయపడి అనే మాట, అందరూ అనేదే. కానీ బతుకంతా అలాగే మాట్లాడే మనిషిని ఈమెనే చూశాను. ఎందుకో తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. డాక్టరమ్మ అడిగింది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"ఇరవయ్యొక్క యేళ్లు."

"అంతకుముందు?"

"అంతకుముందు నా అంత వోగుడుకాయ పేటలో నేదు." మా అత్త ముఖంలోకి ఎక్కణ్నుంచో చిన్న వెలుగు వచ్చి పోయింది. "మా ఆయన వరహాలు పడవ తోస్తంటే ఒడ్డునుంచి అరిసినాను. 'ఇయ్యాల పడవ నిండిపోద్ది, సూసుకో. నా మాట పొల్లుపోదు' అన్నాను. అందరూ నవ్వినారు. ఆయనా నవ్వినాడు. మూడో నాడు పడవ ఒక్కటే వొచ్చింది. భీమిలి దగ్గర. ఆ రోజునుంచి నా నోటికి తాళం ఏసీసినాను. నా కొడుకు ఎల్తంటే రాడు అంటాను. ఆడు వొస్తన్నాడు. కోడలు నొప్పులు పడతంటే దక్కరు అన్నాను. ఇద్దరూ దక్కినారు. మనవరాలు బతకాల గదా అన్నాను. బంగారంలాగ..." అని, ఠక్కున నాలిక కరుచుకుని, "నల్లగా, పీలగా ఉంటాది లెండి" అంది.

నేను ఏడ్చేశాను. డాక్టరు ముందు ఏడవకూడదని ఎంత అనుకున్నా ఆగలేదు. గుమ్మంలో నిలబడి ఆమె అన్న ఆ పాడుమాట నాకు ఏడేళ్లుగా ముల్లులా గుచ్చుకుంటోంది. అది నా ప్రాణానికి ఆమె అడ్డం పెట్టిన మాటని నాకేం తెలుసు? తెలిసినా నమ్మేదాన్నా? మందుల షాపులో పనిచేసేదాన్ని, దిష్టీ గిష్టీ అంటే నవ్వేదాన్ని. ఇప్పటికీ సముద్రం వింటుందంటే నేను నమ్మను. కానీ నా కోసం ఒక మనిషి ఇన్నేళ్లు నోరు కట్టేసుకుందన్న మాట నమ్మక తప్పదు. ఆ క్షణంలో ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. కుర్చీ అడ్డం వచ్చింది.

"మరి ఇది జబ్బా, కాదా మేడమ్?" ముక్కు తుడుచుకుంటూ అడిగాను.

"నోరొక్కటే చూసి చెప్పలేమమ్మా" అంది డాక్టరమ్మ. "కొందరికి ఆ దిగులు నిజంగా జబ్బే. తిండి పోతుంది, నిద్ర పోతుంది, చేసే పని మీద మనసు పోతుంది. ఎవరి విషయంలోనైనా మనిషి మునుపటిలా ఉన్నారా, మారారా అన్నది ముందు చూడాలి. మీ అత్తగారికి ఉన్నది భయం. ఆ భయం గురించి ఆవిడతో నేను మళ్లీ మాట్లాడతాను, మాట్లాడాలి కూడా. ఇరవయ్యొక్క ఏళ్లు మోశారు కదా. కానీ ఈ కాగితం ఆవిడది కాదు." కాగితాన్ని మడిచి పక్కన పెట్టింది.

అప్పుడు మా అత్త నోరు తెరిచింది.

"అదే నానూ సెప్తన్నాను డాట్రమ్మా. ఆ కాయితం నాది కాదు. బైట కూకున్నాడే, ఆడిది."

నాకు అర్థం కాలేదు. "ఎవరిది అత్తా?"

"నీ మొగుడిది."

"ఆయనకేటి? ఆయన..."

"సూపర్" అని మా అత్తే పూర్తి చేసింది. ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. "నాకు బాలేదంటే ఆడు వొస్తాడని తెలుసు. ఆడికి బాలేదు, ఆసుపత్రికి రా అంటే సస్తే రాడు. నువ్వు నన్ను తీసుకెల్తానన్న రోజున దండం పెట్టుకున్నాను నీకు. అందుకే ఆడు రాకపోతే రానన్నాను."

డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఏం చూశారమ్మా మీరు?"

"సేపలు సూసినాను."

మా అత్త నావైపు తిరిగింది. కోపంగా కాదు. బడిలో వెనకబడ్డ పిల్లకి చెప్పినట్టు, ఓపిగ్గా.

"ఈస్వరీ, మన పడవ పొద్దున్నెల్లి మద్దేన్నానికి వొచ్చీస్తాది. మనకి ఐసు పెట్టి తెచ్చే పనేటి? మన సేప బిర్రుగా ఉంటాది, మొప్ప తీస్తే నెత్తురులాగ ఉంటాది. పెద్ద బోట్లోల్లు పదేసి రోజులు ఐసులో పెట్టి తెస్తారు. దాని కన్ను లోనికి పోద్ది, ఏలు నొక్కితే గుంట అలగే ఉండిపోద్ది. ఆడు కూరకని తెచ్చినవి నువ్వే కడిగినావు, నువ్వే వొండినావు. ఒక్కసారైనా నొక్కి సూసినావేటి?"

చూడలేదు. డిగ్రీ చదివాను, మూడొందల మందుల పేర్లు ముఖస్థంగా చెబుతాను, ఇంటికొచ్చిన చేపని నొక్కి చూడలేదు. పాడు చేపలు అని ఆమె అన్నప్పుడు ఆమె నోరే పాడని అనుకున్నాను.

"ఎన్నాళ్లయింది అత్తా?"

"యాట నిషేదం ఎత్తీసినాక రెండు మూడు సార్లు ఎల్నాడు. మరి ఎల్నేదు. మూడు నెల్లు. గంగరాజుని గట్టిగా అడిగితే సెప్పినాడు. పొద్దున్న మనకి సెప్పి ఎల్తాడు, హార్బరెనక ఒడ్డుకి లాగీసిన పాత పడవలో కూకుంటాడు. మద్దేన్నం దాకా కూకుంటాడు. వొల బాగుసెయ్యడు, ఎవులితో మాటాడడు. గంగరాజు జాలిపడి తాను పన్జేసే పెద్ద బోటులోయి రెండు సేపలు సేతిలో పెడతన్నాడు. అయ్యి పట్టుకొచ్చి నీకు సూపర్ అంటన్నాడు."

నాకు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఇష్టంగా తినే పులుసు కంచంలోనే వదిలేసి పిల్లకి పెట్టడం. రాత్రి లేచి చూస్తే ఇటు తిరిగి కళ్లు తెరుచుకుని ఉండటం, "ఏటి?" అంటే "సూపర్" అనడం. వేట నుంచి వచ్చిన మనిషి దగ్గర డీజిల్ వాసన లేకపోవడం. వేట డబ్బులేవంటే ఇంకా చేతికి రాలేదనడం. పెందుర్తి ఇల్లంటే, సముద్రానికి అంత దూరం ఎలా ఉంటామని ఒక్కమాట అడగకపోవడం. అన్నీ నా కళ్లముందే జరిగాయి. నవ్వే మనిషికి జబ్బేమిటని నేను చూడలేదు. ఎప్పుడూ చెడే చూసే మనిషి చూసింది. ఆమె చూడకపోతే ఇంకెవరూ చూసేవాళ్లు కాదు. మా అత్త నోటిని తొమ్మిదేళ్లు తిట్టుకున్న నేను, ఆ నోటికి బతికినన్నాళ్లూ రుణపడి ఉంటాను.

"ఈడింక యాటకెల్లడు అన్నావు కదా అత్తా" అన్నాను. "నేను శాపం అనుకున్నాను."

"శాపమేటి? నీకు సెప్పినాను. నాకు వొచ్చిన బాసలో సెప్పినాను." ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. "నా కొడుక్కి మనసు బాలేదమ్మా డాట్రమ్మా. ఆడు ఇలగుండేవోడు కాదు. ఆడు మారిపోనాడు. నువ్వడిగిన తొమ్మిదీ ఆడిని అడుగు. ఆడు అన్నీ బాగున్నాయనే సెప్తాడు. నమ్మీకు."

డాక్టరమ్మ ఇక ఆలస్యం చేయలేదు. "మీరు తీసుకొచ్చి చాలా మంచిపని చేశారమ్మా. సమయానికి తెచ్చారు. ఇది నయమయ్యేదే. ఆయన్ని లోపలికి పిలవండి" అంది.

నయమయ్యేదే. ఆ మాట విన్నాక నాకు ఊపిరి వచ్చింది. లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. అప్పుడు చూశాను. వచ్చేటప్పుడు తలుపు వెయ్యమన్నారు, నేను సరిగ్గా వెయ్యలేదు. జానెడు సందు ఉంది. ఆ సందు పక్కనే బెంచీ. మా అత్త గొంతు ఎలాంటిదో ముందే చెప్పాను కదా.

బెంచీ మీద హేమశ్రీ ఒక్కతే కూర్చుని ఉంది. చేతిలో వాళ్ల నాన్న ఫోను.

"నాన్న ఏడే?"

"ఎల్లిపోనాడు."

"ఎక్కడికి?"

"తెల్దు. ఫోను ఇచ్చీసి, నువ్వాడుకో అన్నాడు. నాన్న ఏడిసినాడమ్మా."

"ఏటన్నాడే? సరిగ్గా సెప్పు."

హేమశ్రీ భయంగా నా వెనక్కి చూసింది. మా అత్త వచ్చి నిలబడింది. "మామ్మకి సెప్పమన్నాడు. నాను సూపర్‌గా ఉన్నానని సెప్పమన్నాడు."

మందులిచ్చే గదిలోని అతను లేచి, ఐదు నిమిషాలు అయిందనీ, మెట్లు దిగి బీచ్ వైపు వెళ్లే ఆటో ఎక్కడం చూశాననీ చెప్పాడు. డాక్టరమ్మ వెనకాల ఎవరికో ఫోన్ చేస్తోంది, గంగరాజు నంబరు ఇవ్వమంటోంది. నేను నంబరు చెబుతూనే మా అత్త ముఖం చూశాను. ఆ నోటి నుంచి ఇప్పుడు ఏ మాట వస్తుందో నాకు తెలుసు. రావాలని కూడా కోరుకున్నాను. రాడు అను అత్తా, దొరకడు అను, ఎప్పుడూ అన్నట్టే అను అని లోపల్లోపల మొక్కుకున్నాను. దిష్టంటే నవ్వేదాన్ని, నేనే.

మా అత్త హేమశ్రీ చెయ్యి పట్టుకుంది. కొంగు బిగించి నడుంలో దోపుకుంది. మెట్ల వైపు నడుస్తూ, ఆ ఆసుపత్రి అంతా వినపడేలా, ఇరవయ్యొక్క ఏళ్ల కిందట ఒడ్డు మీద అరిచిన గొంతుతో అంది.

"నా కొడుకు దొరుకుతాడు. బాగుంటాడు. సముద్రం ఇంటే ఇననీ."